ఏడు డ్రమ్ముల దొంగ గింజలు

మూడో సొరంగం, వంటశాల రోజువారీ పుస్తకం
రాసేది: బండారి ఓదెమ్మ, వంటశాల పెద్ద

భూమిలోకి దిగాక 2,204వ రోజు

బియ్యం నూట పది కిలోలు. కందిపప్పు ఇరవై రెండు. తోటకూర ముప్పై. తిన్నవాళ్ళు మూడు వందల పన్నెండు మంది. మిగిలింది లేదు.

ఇక్కడితో ఆపమంటారు. చివర "ఇతర విషయాలు" అని వేలెడంత గడి ఉంది. చెప్పాల్సిందేదైనా అందులో ఇమడాలట. నాది ఇమడదు, అందుకే వెనక పేజీలు కూడా వాడుకుంటున్నాను. ఈ పుస్తకం నెలకోసారి ఆఫీసుకు వెళ్ళి ముద్ర వేయించుకుని వస్తుంది. ముద్ర వేసేవాళ్ళు పేజీలు తిప్పరని నాకు బాగా తెలుసు. పోయిన నెల ఒక పేజీ నిండా సొరంగం అధికారి చక్రపాణి గారి గురించి నా అభిప్రాయం రాశాను. దాని మీద కూడా శుభ్రంగా ముద్ర పడింది.

ఇవాళ రాయాల్సింది కల్తీ గురించి. పైనుంచి వచ్చే బియ్యంలో దొంగ గింజలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చూడ్డానికి అచ్చం బియ్యపు గింజే. కానీ కాస్త పసుపు తిరిగి ఉంటుంది, మరీ నున్నగా ఉంటుంది, నీళ్ళలో వేస్తే తేలుతుంది. పొలంలో పండిన గింజ తేలుతుందా? ఎక్కడో యంత్రంలో అచ్చు పోసిన సరుకు అది. పిండో, ప్లాస్టిక్కో, ఆ పంపేవాళ్ళకే తెలియాలి. వందకు ఒకటే కదా అని ఊరుకుంటే రేపు పది కలుపుతారు.

మా దగ్గర ఆ ఆటలు సాగవు. పొద్దున ఎనిమిదింటికి ఇరవై నలుగురు ఆడవాళ్ళం చేటలు పట్టుకుని వరుసగా కూర్చుంటాం. సగం దొంగలు చేటలోనే దొరికిపోతాయి. మిగతావి మూడు నీళ్ళు కడిగేటప్పుడు పైకి తేలి చిల్లుల గరిటెకు చిక్కుతాయి. ఒక్క గింజను కంచం దాకా పోనివ్వం. పారేయడం కూడా లేదు. ఆరబెట్టి డ్రమ్ముల్లో పోసి, మూత మీద తేదీ రాసి, మైనంతో అంటించి పెట్టాను. ఎవరైనా అడిగిన రోజు సాక్ష్యం చూపించాలి కదా. మూడేళ్ళలో ఆరు డ్రమ్ములు నిండాయి. ఏడోది నిండబోతోంది.

ఇప్పటికి పది ఫిర్యాదులు పంపాను. పదింటికీ ఒకటే జవాబు: "మీ సందేశం నమోదైంది." చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం మన బుగ్గలు చూస్తాడు.

2,211వ రోజు

బియ్యం నూట పది. పెసరపప్పు ఇరవై. గోంగూర ఇరవై ఐదు. అందరూ తిన్నారు.

మా తమ్ముడు మొండయ్య సంగతి రాయాలి. వాడు పైకప్పు చూసేవాడు. ఒకప్పటి బొగ్గు గనిలో బతుకుతున్నాం కనుక మా నెత్తి మీద ఉన్నది ఆకాశం కాదు, రాయి. వాడు రోజూ ఇనుప కడ్డీతో ఆ రాతిని తట్టి, రెండో చేతి వేళ్ళు దానికి ఆనించి చూస్తాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి బోలుగా ఉంటే చప్పుడు మారుతుంది, వేళ్ళకు సన్నగా అదురు తెలుస్తుంది. అప్పుడు అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, కింద ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి, కప్పుకు దన్నుగా దుంగలు కొట్టిస్తాడు. ఆరేళ్ళుగా మూడు వందల మంది నిశ్చింతగా నిద్రపోతున్నది వాడి వేళ్ళ పుణ్యమే.

నిన్న వాడి కాలి చెప్పు ఎక్కడో జారిపోయింది. గంట సేపు ఒంటి చెప్పుతో తిరిగాడు, తెలియలేదు. అరికాలు కోసుకుని నెత్తురు కారుతుంటే నేనే చూసి చెప్పాను.

"కాళ్ళ కింద నేల తెలుస్తలేదక్కా. దూది మీద నడిచినట్టున్నది. నాలుగు నెలలాయె," అన్నాడు.

నాలుగు నెలల నుంచి చెప్పకుండా దాచాడు. ఎందుకో నాకు తెలుసు. పని చేయలేనివాళ్ళను పైకి పంపేస్తారు.

వాడొక్కడే కాదు. నా పక్కన కూర్చుని బియ్యం ఏరే యెల్లక్కకు నాలుక పుండు పడినట్టు ఎర్రబడింది. లెక్కేస్తే నలభై మందికి పైగా తిమ్మిరి అంటున్నారు, నీరసం అంటున్నారు, చెప్పింది మరిచిపోతున్నారు. అందరూ పరీక్ష పెట్టెలో వేలు పెట్టి వచ్చారు. ఒక నెత్తురు చుక్క తీసుకుని, రక్తం దివ్యంగా ఉందని ఆ పెట్టె అందరికీ పచ్చ దీపం వెలిగించింది. మొండయ్యకైతే రెండు పచ్చ దీపాలు.

వృద్ధుల వరుసలో ఉండే రాయమల్లు తాత తన తీర్పు తను చెప్పేశాడు. మాంసం లేకనే ఇట్లయితున్నదట, వారానికి ఒక కోడి కోస్తే అందరి కాళ్ళూ లేచి దరువేస్తాయట. కోడిని ఎక్కడి నుంచి తేను? మనిషికే గాలి కొలిచి ఇస్తున్న చోట పశువుల ఊపిరికి గాలి ఎవరిస్తారు? గేదెల సంగతి ఎత్తనే కూడదు. అవి వదిలే గ్యాసుకు బొగ్గు సొరంగంలో ఒక్క నిప్పురవ్వ తోడైతే చాలు. అందుకే దిగిన రోజు నుంచి అందరం శాకాహారులమే. మా పుట్టింట్లో ఆదివారం మాంసం లేనిదే పొయ్యి రాజేసేవాళ్ళు కాదు. అలాంటి నేను ఆరేళ్ళుగా ఆకుతో, పప్పుతో ఇంతమందిని నిలబెట్టాను. నా వంటలో లోపం ఉందంటే ఒళ్ళు మండదా?

మొదట్లో పైనుంచి పాలపొడి వచ్చేది. మూడేళ్ళ కింద ఆపేశారు. బదులు ఏమిస్తారని అడిగితే "అన్నీ చూసుకున్నాం" అన్నారు. ఏం చూసుకున్నారో వాళ్ళే చెప్పాలి.

2,219వ రోజు

వండిన వివరాలు రేపు రాస్తాను. ఇవాళ ముందు ఇది రాయాలి.

చక్రపాణి గారు దిగి వచ్చారు. ఆరేళ్ళలో మూడోసారి. భోజనాల గదిలో నేల మీద తెల్ల గీత గీయించి, తిమ్మిరి అన్నవాళ్ళందరినీ దాని మీద మడమకు కాలివేలు ఆనించి పన్నెండు అడుగులు నడవమన్నారు. పదకొండు మంది తడబడ్డారు. మొండయ్య ఐదో అడుగులో పక్కకు పడిపోయాడు. లేపబోతే నన్ను వద్దన్నారు. వాడు చేతులు నేలకు ఊని, తన కాళ్ళు ఎక్కడున్నాయో కళ్ళతో వెతుక్కుంటూ లేచాడు. మా అమ్మ చూడలేదు, నయం.

పెట్టె పచ్చ దీపం చూపిస్తున్నప్పుడు మనిషి పడిపోతే దాన్ని నటన అంటారట. నియమాల్లో ఉందట. మిగతా పదిమందికీ తేలిక పని ఇస్తారు. పైకప్పు చూసేవాడి నటన మాత్రం అందరికీ ప్రమాదం కనుక, 2,250వ రోజున మళ్ళీ గీత మీద నడిపిస్తారు. పడితే పైన రేకుల బస్తీకి పంపేస్తారు. అక్కడ ఇప్పుడు యాభై రెండు డిగ్రీలు. పోయిన వేసవిలో పైకి పంపిన తొమ్మిది మందిలో ఉత్తరం రాసినవాళ్ళు ఇద్దరే.

నేను ఊరుకోలేదు. తిండిలో ఏదో తక్కువైంది, బియ్యం కల్తీ అవుతోంది, ఒకసారి చూడండి అన్నాను. ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"శాకాహారంలో లోపం లేదు ఓదెమ్మగారూ. మనిషికి కావలసినవన్నీ లెక్క కట్టే పంపుతున్నాం. లోపం ఉంటే వండేవాళ్ళలో ఉండాలి."

వెళ్తూ వెళ్తూ శుభ్రతలో మొదటి స్థానం అని నా చేతిలో ప్రశంసాపత్రం పెట్టారు. వరసగా మూడో ఏడాది. కన్ను పొడిచి కాటుక పెట్టడం అంటే ఇదే.

2,225వ రోజు

బియ్యం నూట పది. సోయా ముప్పై. మునగాకు పద్దెనిమిది. మొలకెత్తిన పెసలు పదిహేను. నువ్వుల పొడి ఆరు. తోటకూర నలభై.

వండేవాళ్ళలో లోపమట! చూద్దాం. దీపాల కింద పెరిగే ఆకు అంతా కోయించాను. పప్పు రెట్టింపు చేశాను. మొండయ్య కంచంలో నా వంతు కూడా వేస్తున్నాను. వాడు మిగల్చకుండా తింటున్నాడు. వాడు ఏదో మొక్కు పట్టి ఇరవయ్యో ఏట నుంచి మాంసం ముట్టలేదు. ఆకు తినడం వాడికి కొత్త కాదు.

పెట్టె మహా సంతోషించింది. ఈసారి మూడు పచ్చ దీపాలు. మొండయ్యకు మాత్రం తిమ్మిరి కాళ్ళను దాటి వేళ్ళ కొసలకు వచ్చింది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే నేను పెట్టాను. నలభై నాలుగేళ్ళవాడు. తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

మొన్న పదకొండో ఫిర్యాదు పంపాను. దొంగ గింజల్లో విషం ఉండవచ్చని, ఇంకా జాగ్రత్తగా ఏరుతున్నామని రాశాను. నమోదైంది. నిన్న పన్నెండోది పంపాను. అదీ నమోదైంది. ఇవాళ్టి నుంచి నాలుగో నీళ్ళు కూడా కడుగుతున్నాం.

2,231వ రోజు

ఐదో సొరంగానికి వెళ్ళి వచ్చాను. వాళ్ళ సోయా పిండిలో వంతు అడుగుదామని వెళ్ళాను.

ఆ వంటశాల గురించి ఇదే పుస్తకంలో ఇంతకు ముందు రాసే ఉన్నాను. దాని పెద్ద పేరు సుగుణ. వంటలో ఒక్క సుగుణమూ లేదు. బస్తా కోసి బియ్యం నేరుగా ఆవిరి పెట్టెలో గుమ్మరిస్తుంది. ఏరడం లేదు, కడగడం లేదు, గంజి వార్చడం అసలే లేదు. చేట ఏదమ్మా అని అడిగితే మా దగ్గర లేదక్కా అని నవ్వింది. మొహం తిప్పుకున్నాను.

అప్పుడే ఒక ముసలావిడ రెండు చేతుల్లో రెండు కంచాలు పట్టుకుని నా పక్క నుంచి దూసుకుపోయింది. డెబ్భై దాటి ఉంటాయి. మా దగ్గర నలభై ఏళ్ళవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తున్నారు. వాళ్ళ ఆరోగ్య కార్యకర్త రజియాను అడిగాను, మీ దగ్గర తిమ్మిర్లు ఎంతమందికని. ఎవరికీ లేవంది. ఇక్కడా అదే బియ్యం, అదే పప్పు, అదే ఆకు. పైగా మా కంటే తక్కువ ఆకు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, అసూయతో.

తినమని కంచం పెట్టారు. అన్నం మీద దొంగ గింజలు పది పన్నెండు నన్నే చూస్తున్నాయి. అలవాటు చొప్పున ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టడం మొదలుపెట్టాను. రజియా చూసి, ఎందుకు ఏరుతున్నానని అడిగింది. కల్తీ అని చెప్పాను. మా దగ్గర ఒక్కటి కూడా కంచంలోకి రానివ్వమని, మూడేళ్ళుగా ఇదే పద్ధతని, కాస్త గొప్పగానే చెప్పాను.

ఆమె చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది.

"అక్కా, అది కల్తీ గాదు. పాలపొడి బంద్ జేసిన్రు గదా, దాని బదులు పంపేదే గా గింజ. బి-పన్నెండు అని, నరాలకు గావాల్సిన విటమిన్ అండ్ల పెట్టి అచ్చు పోస్తరు. పాలల్ల, గుడ్లల్ల, మాంసంల ఉంటదది. ఆకుల్ల, పప్పుల్ల ఎంత తిన్నా దొరకది."

పచ్చ దీపాల సంగతి అడిగాను. ఆకుకూరల్లో ఉండేది ఒకటి రక్తాన్ని బాగా నిలబెడుతుందట. అందుకని రక్తం చూస్తే లోపం కనిపించదు. లోపల నరాలు ఎండిపోతూ ఉంటాయి. మా పెట్టె రక్తం తప్ప ఇంకేమీ చూడదు. నేను ఆకు పెంచిన కొద్దీ దీపాలు పెరిగాయి, అంతే. మాంసం, పాలు తిన్న ఒంట్లో కొన్నేళ్ళకు సరిపడా సరుకు దాచి ఉంటుందట. మొక్కు పట్టినవాడికి ఆ నిల్వ తక్కువ. అందుకే మొదట వాడు పడ్డాడు.

ఈ సంగతి మీకెలా తెలుసని అడిగాను. పాలపొడి ఆపిన వారంలోనే ఆఫీసుకు వెళ్ళి, చెప్పేదాకా కదలనని కూర్చుందట. మాకెవరూ చెప్పలేదన్నాను. సొరంగం అధికారికి కాగితం ఇచ్చారే అంది.

కంచం అంచున పెట్టిన గింజలన్నీ మళ్ళీ అన్నంలో కలుపుకుని తిన్నాను. రుచేమీ లేదు. ఏ విషమూ లేదు.

2,232వ రోజు

బియ్యం నూట పది. ఏరలేదు. కడగలేదు.

అంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు. పొద్దున్నే గిడ్డంగి తెరిచి ఏడు డ్రమ్ముల ముందు నిలబడ్డాను. అన్నిటి మీదా నా చేతిరాతే, తేదీలతో సహా. మూడు వందల పన్నెండు మంది నోటి దగ్గర కూడు తీసి, మైనం పెట్టి, తాళం వేసి, భద్రంగా దాచాను. కంచే చేను మేసిందంటే ఎవరినో అనుకునేదాన్ని.

ఈ డ్రమ్ములు వండి పెడితే సరిపోదా అని నిన్నే రజియాను అడిగాను. పాతబడిన గింజలో సత్తువ ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరంది. నరాలు దెబ్బతిన్నవాళ్ళకు తిండి ఎలాగూ చాలదు, ఎర్ర మందు సూదితో ఎక్కించాలి, వెంటనే మొదలుపెట్టాలి, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు అంది. ఆ మందు చక్రపాణి గారి గదిలో, చల్లటి బీరువాలో ఉంది.

2,233వ రోజు

ఆఫీసుకు వెళ్ళాను. ఒక డ్రమ్మును చక్రాల బండి మీద వేసుకుని తోసుకుంటూ వెళ్ళాను.

నేను చెప్పింది ఆయన సాంతం విన్నారు. ఒక్కసారి కూడా ఆశ్చర్యపోలేదు. గింజ సంగతి తనకు తెలుసన్నారు. దాన్ని మేం ఏరేస్తామని మాత్రం ఊహించలేదట.

"అన్నం ఎలా వండుకోవాలో కూడా ఆఫీసు చెప్పాలా?" అన్నారు.

పన్నెండు సార్లు రాశానన్నాను. యంత్రంలో వెతికారు. పన్నెండూ ఉన్నాయి. బియ్యం ఎంత బాగా ఏరుతున్నామో, ఎన్ని నీళ్ళు కడుగుతున్నామో అంత వివరంగా రాశాను కదా, యంత్రం వాటిని ఫిర్యాదుల్లో కాక శుభ్రత నివేదికల్లో చేర్చింది. మా ప్రశంసాపత్రాలకు ఆధారం అవే. వాటిని చదివిన మనిషి ఒక్కడూ లేడు. ఒక్కడు చదివి ఉంటే, మొదటి ఉత్తరానికే "పిచ్చిదానా, ఏరకు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, మొండయ్య కాళ్ళు మొండయ్యకు ఉండేవి.

ఆయన ఒక కాగితం తయారుచేశారు. వంటశాల పెద్ద అజ్ఞానం వల్ల, ఆఫీసు ప్రమేయం లేకుండా, లోపం జరిగిందని అందులో ఉంది. నేను ఇంకో వాక్యం రాయమన్నాను: పన్నెండు సార్లు తెలియజేసినా జవాబు రాలేదని. అది నిజం కదా అన్నాను. ఆయన కలం మూత పెట్టారు.

"ఆ వాక్యం ఉంటే ఇది విచారణ సంఘానికి వెళ్ళాలి. నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా బీరువా తెరవడానికి నాకు అధికారం ఉండదు. అది లేకపోతే మందు ఇవాళే ఇస్తాను. మీ తమ్ముడి పరీక్ష కూడా మూడు నెలలు వాయిదా వేస్తాను."

జీవితంలో అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. తిట్టడానికి నోటినిండా మాటలున్నాయి. బీరువా నాకు రెండడుగుల దూరంలో ఉంది. అద్దం వెనక సీసాలు కనిపిస్తున్నాయి, దానిమ్మ రసంలా ఎర్రగా.

నా అజ్ఞానం నిజమే. దాని మీద సంతకం చేయడానికి నాకు సిగ్గు లేదు. ఆయన తప్పు రాయకుండా నాది మాత్రమే రాయడం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆగిన చెయ్యిని తిట్టుకుని సంతకం పెట్టాను. పెట్టి, సీసాలు లెక్కబెట్టి తీసుకున్నాను. రేపటితో వంటశాల పెద్దగా నా పని అయిపోతుంది. అది కూడా ఆ కాగితంలోనే ఉంది.

ఇవాళ మధ్యాహ్నం రజియా వచ్చి మొండయ్యకు మొదటి సూది వేసింది.

2,234వ రోజు

ఈ పుస్తకంలో నాకిదే ఆఖరి పేజీ. పెరుగు లేని ఊరికి ఆరేళ్ళు వండాను. ఇక సుగుణ వచ్చి వండుతుంది.

పొద్దున మొండయ్యకు అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. ఉత్తరాల సంగతి కూడా నన్ను నేను కాపాడుకోవడానికన్నట్టు కాకుండా, చివర్లో చెప్పాను. వాడు మంచం మీద కూర్చుని, తెలియని పాదాలను చేతులతో రుద్దుకుంటూ విన్నాడు. తిడతాడని చూశాను. తిట్టాలని కూడా కోరుకున్నాను.

"నువ్వు ఏరకుంటే నా కంచంల నేనే ఏరుకుంటుంటి అక్కా," అన్నాడు. పాదాలు నేల మీద పెట్టి, "మందికి గా సారు చెప్పుడెందుకు? నువ్వే చెప్పు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల ఎక్కి చెప్పాను. దొంగ గింజ ఏమిటో చెప్పాను, దాన్ని ఎవరు తీసేశారో చెప్పాను. కొందరు తిట్టారు. న్యాయమే. తిట్లు పడి దిగి వచ్చేసరికి, యెల్లక్క తన కంచంలో పసుపు గింజలు ఏరి పక్కన పెడుతోంది. మూడేళ్ళు నేను ఆమెకు నేర్పిన చదువు అది. ఇది మందు అక్కా అన్నాను. పైవాళ్ళు నీ నోట అట్ల చెప్పిస్తున్నరు గావచ్చు అంది. నాలుక మంటకు మాట సరిగ్గా రాకపోయినా వేలు మాత్రం ఆగలేదు. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని, ఒక్కో గింజా తీసి నేనే ఆమె నోట్లో పెట్టాను. నమిలింది. నమ్మి కాదు, నా మొహం చూసి భయపడి.

రేపటి నుంచి రోజూ ఆమె ఎదురుగా కూర్చుని తింటాను. ఇంకేం చేయను?

మూడో సొరంగం, పైకప్పు పరీక్ష పుస్తకం
చూసేది: బండారి మొండయ్య. సహాయం: బండారి ఓదెమ్మ

2,339వ రోజు

మొత్తం పదకొండు చోట్ల చూడాలి. నాలుగు అయ్యాయి.

సూదులు రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. ఐదో వారంలో మొండయ్య కాళ్ళు భగ్గున మండుతున్నాయని కేకలు పెట్టాడు. నరం మేలుకుంటే అట్లనే మండుతది, మంచిదే అని రజియా అంది. పోయిన వారం గీత మీద పన్నెండు అడుగులు నడిచాడు. తొమ్మిదో అడుగులో ఊగాడు కానీ పడలేదు. చక్రపాణి గారు కాగితం మీద ముద్ర వేసి, చూశారా, మన ఆహారంలో ఏ లోపమూ లేదు అన్నారు. నేను నోరు తెరవబోతే మొండయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను: ఆయనకు పన్నెండు ఉత్తరాలు రాశాను. పన్నెండు.

కాళ్ళు వచ్చాయి, చేతి వేళ్ళు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అంటోంది రజియా. కప్పు అదురు తెలియనివాడికి ఈ పని ఎలా ఇస్తామని ఆఫీసు అడిగింది. వినడానికి నా చెవులు చాలు, ఆనించడానికి మా అక్క వేళ్ళున్నాయి అని వాడు రాసిచ్చాడు. నన్ను అడగకుండానే రాసిచ్చాడు.

ఇవాళ మొదటి రోజు. వాడు కడ్డీతో తడతాడు, నేను నిచ్చెన మీద నిలబడి కప్పుకు వేళ్ళు ఆనిస్తాను. మూడు చోట్లా గట్టి రాయి. నాలుగోది యెల్లక్క వాళ్ళ పడకల వరుస మీద. తట్టాడు. గట్టిదే అన్నాను. వాడు కడ్డీ దించలేదు. చప్పుడు సరిగ్గా లేదన్నాడు, కళ్ళు మూసుకుని చూడమన్నాడు. మళ్ళీ తట్టాడు. ఈసారి వేలి కొసల్లో, ఉడుకుతున్న గిన్నె మీద మూత కదిలినట్టు, చిన్న అదురు తెలిసింది. ఉందో లేదో అన్నంత. నా భయమేమో అనుకున్నాను. ఇలాంటి చోట తప్పు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

"బోలు," అన్నాను.

వాడు ఇంకోసారి అడగలేదు. మళ్ళీ తట్టి చూడనూ లేదు. రాతి మీద సుద్దతో పెద్ద గుర్తు వేసి, ఇరవై ఆరు మంది పడకలు వెంటనే తీయమని చెప్పాడు. అందరూ దుప్పట్లు, చాపలు మోసుకుపోయేదాకా ఆ కప్పు కిందనే నిలబడ్డాడు.

గింజలు ఏరిన ఈ చేతులను ఇంత తేలిగ్గా నమ్మినందుకు వాడి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే నిచ్చెన జరుపుకుని, ఐదో చోట కప్పుకు వేళ్ళు ఆనించాను.